రౌటర్ దానంతటదే ఆగి ఆన్ అవుతోందా? ముందు పవర్ సంగతి తేల్చండి

రౌటర్ మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంటే చాలామంది చేసే మొదటి పని నెట్ కంపెనీకి ఫోన్ కొట్టడం, రెండోది రీసెట్ బటన్ నొక్కి ఉన్న సెట్టింగ్స్ కూడా పోగొట్టుకోవడం, మూడోది కొత్త రౌటర్ ఆర్డర్ పెట్టెయ్యడం. ఇవన్నీ తర్వాత. ముందు ఆ గోడకి వేలాడే నల్ల అడాప్టర్ మీద ఒక అనుమానం వెయ్యండి. రౌటర్ బోర్డు అంత తేలిగ్గా పోదు, అడాప్టర్ మాత్రం రాత్రీపగలూ ఆపకుండా వేడెక్కుతూ పనిచేస్తుంది కాబట్టి ముందు చేతులెత్తేసేది ఎక్కువగా అదే. పైగా లైట్లు వెలుగుతున్నాయి కదా పవర్ బాగానే వస్తోందిలే అని దాన్ని వదిలేస్తాం. చిన్న ఎల్‌ఈడీ వెలగడానికి కొద్ది మిల్లీ ఆంప్స్ చాలు, రౌటర్ పూర్తిగా పనిచెయ్యాలంటే ఒక ఆంప్, ఒకటిన్నర ఆంప్ కావాలి, కాబట్టి లైట్ వెలగడం దేనికీ సాక్ష్యం కాదు.

అసలు ఇది పవర్ గొడవేనా

నెట్ పోవడం వేరు, రౌటర్ ఆగి లేవడం వేరు. ఈ రెండూ కలిపేస్తే రోజంతా వెతికినా దొరకదు. నెట్ పోయి వచ్చాక రౌటర్ అడ్మిన్ పేజీ (బ్రౌజర్‌లో తెరుచుకునే సెట్టింగ్స్ పేజీ) తెరిచి స్టేటస్‌లో సిస్టమ్ అప్‌టైమ్, అంటే రౌటర్ ఆగకుండా ఎంతసేపట్నుంచి నడుస్తోందో చూడండి. అది కొద్ది నిమిషాలే చూపిస్తే పెట్టె నిజంగానే ఆగి లేచింది, రోజుల తరబడి ఉంటే పవర్‌కి సంబంధం లేదు, లైన్ సంగతి చూస్కోవాలి. కొన్నిట్లో వ్యాన్ అప్‌టైమ్ అని ఇంకోటి విడిగా ఉంటుంది, అది ఇంటర్నెట్ కనెక్షన్ ఎప్పట్నుంచి ఉందో చెప్పేది, దాన్ని చూసి రౌటర్ రీస్టార్ట్ అయిందనుకోకండి. ఫైబర్ కనెక్షన్ అయితే ఓఎన్‌టీ (ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె) మీద లాస్ అనే ఎర్ర లైట్ వెలిగితే అది వెలుతురు అందట్లేదని, అంటే ఫైబర్ తెగిందో కనెక్టర్ మురికయ్యిందో, అడాప్టర్ తప్పు కాదు.

ఇక్కడ ఒక పనికొచ్చే విషయం ఉంది, చాలా ఓఎన్‌టీలు పవర్ పోయే ఆఖరి క్షణంలో లోపల కెపాసిటర్లలో మిగిలిన కాస్త ఛార్జ్‌తోనే నెట్ కంపెనీ దగ్గరున్న పెద్ద పెట్టెకి ‘నాకు కరెంట్ పోతోంది’ అని ఒక మెసేజ్ పంపి మరీ ఆగుతాయి, దాన్ని డయింగ్ గాస్ప్ అంటారు. అంటే నెట్ కంపెనీ సపోర్ట్ వాళ్ళకి ఫోన్ చేసినప్పుడు ‘నా ఓఎన్‌టీ లాగ్‌లో డయింగ్ గాస్ప్ పడుతోందా, లాస్ పడుతోందా’ అని అడిగితే, తెలిసినవాళ్ళు అవతల ఉంటే, సగం పని అక్కడే తేలిపోతుంది.

మైక్రోటిక్ కంపెనీ రౌటర్ వాడేవాళ్ళయితే లాగ్‌లో ‘సరిగ్గా షట్‌డౌన్ కాకుండా రీబూట్ అయింది’ అనే అర్థం వచ్చే లైన్ ఉంటుంది, చాలా మోడల్స్‌లో సిస్టమ్ హెల్త్ దగ్గర లోపలికి ఎన్ని వోల్టులు వస్తున్నాయో కూడా కనపడుతుంది.

ఇక రీస్టార్ట్ అవుతోంది నిజమే కానీ ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) పాడై అవుతోందా, పవర్ చాలక అవుతోందా? ఫర్మ్‌వేర్ పాడైతే మామూలుగా ప్రతిసారీ ఒకే చోట ఆగి మళ్ళీ మొదటికొస్తుంది, దాదాపు అంతే టైమ్‌కి, గడియారం పెట్టి చూస్కోవచ్చు. పవర్ చాలకపోతే అలా లెక్క ఉండదు, ఓసారి అరగంట నడుస్తుంది, ఓసారి నిమిషానికే పడిపోతుంది, ఎవరైనా పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ పెట్టగానే పడిపోతుంది, యూఎస్‌బీ హార్డ్ డిస్క్ గుచ్చగానే పడిపోతుంది. దీనికి టెస్ట్ కూడా సింపుల్: యూఎస్‌బీలో ఉన్నవన్నీ పీకండి, అడ్మిన్ పేజీలో రెండు వైఫై బ్యాండ్లూ ఆపెయ్యండి, ఒక్క ల్యాన్ కేబుల్ మీదే కాసేపు నడపండి. అప్పుడు నిలకడగా ఉండి, వైఫై ఆన్ చెయ్యగానే మళ్ళీ పడిపోతే నూటికి తొంభై పవరే, ఎందుకంటే రేడియోలు ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడే రౌటర్ ఎక్కువ కరెంట్ లాగుతుంది.

సాకెట్, ఎక్స్‌టెన్షన్ బాక్స్

దీని మీద ఎక్కువ చెప్పడానికి లేదు. అడాప్టర్‌ని ఎక్స్‌టెన్షన్ బాక్స్ నుంచి తీసి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి చూడండి, ప్లగ్ లూజ్‌గా వేలాడుతుంటే సాకెట్ మార్చండి. సాకెట్‌లోంచి చిటపట శబ్దం వచ్చినా కాలిన వాసన వచ్చినా దాన్ని ముట్టుకోకుండా మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

అడాప్టర్ మీద రాసింది చదవండి

అడాప్టర్ వెనక చిన్న అక్షరాల్లో ఇన్‌పుట్, ఔట్‌పుట్ అని రెండు లైన్లుంటాయి. ఇన్‌పుట్ 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే వోల్టేజ్ కాస్త అటూఇటూ అయినా తట్టుకునే రకం. మనకి కావాల్సింది ఔట్‌పుట్ లైను. రౌటర్లలో ఎక్కువగా కనపడేది 12 వోల్టులు, 1 లేదా 1.5 లేదా 2 ఆంప్స్. చిన్నవాటికి 9 వోల్టులు ఉంటుంది, ఇంకా చిన్నవాటికి 5. వోల్టుల్ని ఆంప్స్‌తో గుణిస్తే వాట్స్ వస్తాయి, 12 వోల్టులు 1.5 ఆంప్స్ అంటే 18 వాట్స్. ఇప్పుడు రౌటర్ కింద అంటించిన స్టిక్కర్ కూడా చదివి రెండూ కలుస్తున్నాయో లేదో చూడండి. ఇది చాలామంది చెయ్యని పని, ఇల్లు సర్దేటప్పుడో షెల్ఫ్ మార్చేటప్పుడో సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ రౌటర్‌కి, రౌటర్‌ది సెట్‌టాప్ బాక్స్‌కి మారిపోయి ఉంటుంది, ప్లగ్ పట్టింది, లైట్ వెలిగింది, ఇంక ఎవరూ చూడరు.

వోల్టులు కచ్చితంగా కలవాలి. ఆంప్స్ మాత్రం రాసినదానికన్నా ఎక్కువున్నా ఏం కాదు, ‘2 ఆంప్ అడాప్టర్ పెడితే 1 ఆంప్ రౌటర్ కాలిపోతుంది’ అనేది ఎప్పట్నుంచో తిరుగుతున్న ఒట్టి భయం, రౌటర్ తనకి కావాల్సినంతే లాక్కుంటుంది. తక్కువుంటేనే ఇబ్బంది. 12 వోల్టుల రౌటర్‌కి 9 వోల్టుల అడాప్టర్ పెడితే ఒక్కోసారి ఆన్ కూడా అవుతుంది, ఎందుకంటే లోపలున్న కన్వర్టర్లు ఎలాగూ దాన్ని 5కీ 3.3కీ ఇంకా కిందకీ దించుకునేవే, కానీ అదే వాట్స్‌కి 9 వోల్టుల దగ్గర ఎక్కువ ఆంప్స్ లాగాలి కాబట్టి ఆ అడాప్టర్ వేడెక్కి రీస్టార్ట్‌లు మొదలవుతాయి. దీనికి రివర్స్‌లో, ప్లగ్ పడుతోంది కదా అని 19 వోల్టుల ల్యాప్‌టాప్ ఛార్జర్ గుచ్చితే మాత్రం బోర్డు పోయే ఛాన్స్ గట్టిగా ఉంది. ప్లగ్ సైజ్ కలవడం వోల్టేజ్ కలిసిందని చెప్పదు.

ఇంకా ఒక గుర్తు ఉంటుంది, మధ్యలో చుక్క, దాని చుట్టూ సగం గుండ్రం, అటొక ప్లస్ ఇటొక మైనస్. చుక్క నుంచి గీత ప్లస్‌కి వెళ్తే లోపలి పిన్ పాజిటివ్, రౌటర్లలో మామూలుగా ఇదే. ఔట్‌పుట్ దగ్గర ఏసీ అని ఉన్న అడాప్టర్లు కూడా పాత మోడెమ్‌లకి వచ్చేవి, అలాంటిదాని స్థానంలో డీసీది పెట్టడం, డీసీ స్థానంలో ఏసీది పెట్టడం రెండూ వద్దు.

మీటర్ పెట్టి చూడటం, అసలు కిటుకు ఇక్కడే

మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల రేంజ్‌లో పెట్టి, ఎర్ర ప్రోబ్‌ని ప్లగ్ మధ్య రంధ్రంలోకి, నల్లదాన్ని బయటి లోహపు గొట్టానికి ఆనించండి, రెండూ ఒకదానికొకటి తగలనివ్వకండి. 12 వోల్టుల అడాప్టర్‌కి అటూఇటూ 5 శాతం, అంటే 11.4 నుంచి 12.6 మధ్య వస్తే సరే. మైనస్ గుర్తు వస్తే ప్రోబ్‌లు తారుమారయ్యాయో, లేక అడాప్టరే ఉల్టా పోలారిటీదో (లోపల మైనస్, బయట ప్లస్) చూస్కోండి. బరువుగా ఉండే పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం అడాప్టర్ అయితే 12 అని రాసున్నా ఖాళీగా ఉన్నప్పుడు 15, 16 కూడా చూపిస్తుంది, అది దాని తీరు, చెడిపోయినట్టు కాదు.

ఇప్పుడు అసలు సంగతి. మీటర్ 12.1 చూపించింది కాబట్టి అడాప్టర్ బాగుంది అనేసి పక్కన పెట్టేస్తారు, అక్కడే దెబ్బ తింటారు. మీటర్ అడాప్టర్ నుంచి దాదాపు ఏమీ లాగదు. ఖాళీ చేతులతో నిలబడ్డవాడు బస్తా ఎత్తగలడో లేడో చూసి చెప్పలేం కదా, ఎత్తించి చూడాలి. దీనికి మంచి ఉపాయం, సీసీ కెమెరాలకి వాడే డీసీ స్ప్లిటర్ కేబుల్, ఒక అడాప్టర్‌ని రెండు ప్లగ్గులుగా చీల్చేది. ఒక ప్లగ్ రౌటర్‌కి పెట్టండి, రెండోదానికి మీటర్ ప్రోబ్‌లు పెట్టి, రౌటర్ ఆన్ అవుతుంటే అంకెలు చూస్తూ ఉండండి.

బాగున్న అడాప్టర్ అయితే 12.1 కాస్తా 11.9కి దిగి అక్కడే కూర్చుంటుంది. పోతున్న అడాప్టర్ ఆట వేరేగా ఉంటుంది. స్విచ్ వెయ్యగానే 12.1, పవర్ లైట్ వచ్చేసరికి 11.6, ల్యాన్ లైట్లు ఒక్కసారి మెరిసేటప్పటికి 11 దగ్గర ఊగుతుంది, వైఫై లైట్ వెలగబోయే టైమ్‌కి 10, 9 అని జారిపోయి లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోతాయి, ఆరిపోగానే బరువు దిగిపోయింది కాబట్టి మీటర్ మళ్ళీ 12.1 చూపిస్తుంది, రౌటర్ మళ్ళీ లేస్తుంది, మళ్ళీ అదే కథ. ఇది కళ్ళారా చూశాక ఇంకో అనుమానం అక్కర్లేదు, అడాప్టర్ మార్చడమే. కొన్ని అడాప్టర్లు ఇలాంటప్పుడు టిక్, టిక్ అని సన్నగా శబ్దం చేస్తాయి, చెవి దగ్గర పెడితే వినపడుతుంది, లోడ్ ఎక్కువైందనో ఎక్కడో షార్ట్ ఉందనో లోపలి సర్క్యూట్ ఆగి మళ్ళీ ట్రై చేస్తూ ఉండటం వల్ల.

మీటర్ సెకనుకి రెండుమూడు సార్లే అంకె మారుస్తుంది కాబట్టి కన్ను మూసి తెరిచేంతలో పడి లేచే వోల్టేజ్ దానికి దొరక్కపోవచ్చు. మీటర్‌లో మినిమమ్ పట్టుకునే బటన్ ఉంటే అది నొక్కి పెట్టండి. అదీ లేకపోతే, అసలు మీటరే లేకపోతే, ఇంకో అడాప్టర్ పెట్టి చూడటమే నేరు దారి, సీసీ కెమెరా డీవీఆర్‌ది, బయటి హార్డ్ డిస్క్‌ది చాలాసార్లు 12 వోల్టులే ఉంటుంది, స్టిక్కర్ చదివి వోల్టులు, పోలారిటీ, ప్లగ్ కలిసి ఆంప్స్ సమానంగానో ఎక్కువగానో ఉంటే ఒక రోజంతా నడిపి చూడండి. నా దృష్టిలో మీటర్ కన్నా ఇదే మంచి పరీక్ష.

ఇలా ఎందుకవుతుందంటే, అడాప్టర్ లోపలున్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు వేడికి మెల్లగా ఎండిపోతాయి. ఎండేకొద్దీ వాటి లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది, డీసీ సాఫీగా రాకుండా అలల్లా వస్తుంది, లోడ్ పడగానే కుంగిపోతుంది. 10 డిగ్రీల వేడి పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు సుమారు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్ళ లెక్క, అందుకే టీవీ వెనక, అల్మారా లోపల, గుడ్డ కింద గాలాడకుండా ఇరికించిన అడాప్టర్లు ముందు పోతాయి. అడాప్టర్‌ని పగలగొట్టి కెపాసిటర్ మార్చొచ్చు కదా అంటే, వద్దు. 230 వోల్టుల ఏసీ డీసీగా మారితే లోపలి పెద్ద కెపాసిటర్ మీద 325 వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్ పీకిన తర్వాత కూడా కాసేపు నిలిచి ఉండొచ్చు. ఆ పని చేతకావడం వేరు, చెయ్యాల్సిన అవసరం ఉండటం వేరు.

ప్లగ్, జాక్, మధ్యలో వైరు

అడాప్టర్ మార్చినా ప్రాబ్లమ్ అలాగే ఉంటే జాక్ చూడండి. రౌటర్ ఆన్‌లో ఉండగా ప్లగ్‌ని మెల్లగా అటూఇటూ కదపండి, లైట్లు మినుకుమంటే లూజ్ ఉన్నట్టే. ఇందులో ఒక మాయ ఉంది. ఈ గుండ్రటి ప్లగ్గుల్లో బయట 5.5 మిల్లీమీటర్లు, లోపల 2.1 ఉన్నవీ 2.5 ఉన్నవీ రెండూ వస్తాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. లోపల 2.5 రంధ్రం ఉన్న ప్లగ్ 2.1 పిన్ ఉన్న జాక్‌లోకి హాయిగా వెళ్ళిపోతుంది, కానీ పట్టు ఉండదు, పక్కనుంచి ఎవరైనా నడిచినా టచ్ పోతుంది. రివర్స్‌లో అయితే అసలు దూరదు కాబట్టి ఆ గొడవ లేదు. కొత్త అడాప్టర్ తెచ్చిన రోజు నుంచే మొదలైన రీస్టార్ట్‌లకి ముందు ఇదే చూడాలి.

ప్లగ్ సరైనదే అయినా లూజ్ ఉంటే లోపల జాక్ టంకం విరిగి ఉండొచ్చు. రౌటర్ పీకి, మూత తీసి, బోర్డు వెనక వైపు జాక్ కాళ్ళ దగ్గర టార్చ్ ఏటవాలుగా వేసి చూడండి, బాగున్న టంకం చిన్న గుట్టలా మెరుస్తూ ఉంటుంది, విరిగినదాంట్లో కాలు చుట్టూ వెంట్రుకంత సన్నటి నల్ల రింగ్ కనపడుతుంది, జాక్ కదిపితే ఆ కాలు కూడా రవ్వంత కదులుతుంది. సోల్డరింగ్ ఐరన్ పట్టడం వచ్చినవాళ్ళకి కాస్త కొత్త టంకం వేసి కరిగిస్తే అయిపోయే పని.

రౌటర్ దూరంగా పెట్టాలని డీసీ వైపు సన్న వైరు పొడుగ్గా లాగేవాళ్ళుంటారు, అక్కడ కూడా వోల్టేజ్ పోతుంది. 24 గేజ్ సన్న రాగి తీగకి ఒక మీటర్ పొడవుకి సుమారు 0.084 ఓమ్ రెసిస్టెన్స్, 10 మీటర్ల దూరమంటే పోను రాను 20 మీటర్లు, అంటే దాదాపు 1.7 ఓమ్, 1 ఆంప్ నడిస్తే 1.7 వోల్టులు దార్లోనే ఆవిరి, 12 పంపిస్తే అవతల 10.3 చేరుతుంది. పొడిగించాలంటే ఏసీ వైపు పొడిగించండి, లేదా లావు వైరు వాడండి.

యూపీఎస్, పవర్ బ్యాంక్ కథలు

కరెంట్ పోయి యూపీఎస్ మీదకి మారే క్షణంలో మాత్రమే రౌటర్ పడిపోతోందంటే, మారడానికి పట్టే ఆ కొద్ది మిల్లీ సెకన్లు అడాప్టర్ నిలబెట్టలేకపోతోందని. కొత్త అడాప్టర్ మామూలుగా ఆ మాత్రం నెట్టుకొస్తుంది, పాతబడ్డది నెట్టుకురాలేదు. ఇంటి ఇన్వర్టర్ అయితే దాని మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూసి అందులో పెట్టండి, రెండో మోడ్‌లో మారడానికి ఎక్కువ టైమ్ తీసుకుంటుంది.

చిన్న లిథియం మినీ యూపీఎస్‌లు కొన్ని బ్యాటరీ వోల్టేజ్‌ని ఉన్నదున్నట్టు బయటికి పంపేస్తాయి, మూడు సెల్స్ ఉన్నది నిండుగా ఉంటే 12.6, అయిపోవస్తుంటే 9 దాకా, అందుకే కరెంట్ పోయిన మొదటి గంట బాగుండి తర్వాత రీస్టార్ట్‌లు మొదలవుతాయి. 5 నుంచి 12 వోల్టులకి పెంచే యూఎస్‌బీ కేబుల్ కూడా అంతే, అవతల 12 వాట్స్ కావాలంటే ఇవతల 5 వోల్టుల దగ్గర 2.4 ఆంప్స్, మధ్యలో పోయేదానికి ఇంకాస్త, మామూలు పోర్ట్ అంత ఇవ్వదు. టైప్ సీ ట్రిగ్గర్ కేబుల్ (ఛార్జర్‌ని 12 వోల్టులు ఇవ్వమని అడిగేది) వాడేటప్పుడు ఛార్జర్ మీద 12 వోల్టులు రాసుందో లేదో చూడండి, యూఎస్‌బీ పీడీ అనే టైప్ సీ ఛార్జింగ్ పద్ధతిలో మామూలుగా ఉండే మెట్లు 5, 9, 15, 20, కాబట్టి 12 లేని ఛార్జర్లు బోలెడు.

బోర్డు దాకా వస్తే

మంచి అడాప్టర్ పెట్టినా ఒక్క లైటూ రాకపోతే, ప్లగ్ పీకి, మీటర్‌ని కంటిన్యూటీలో (దారి కలిసుంటే బీప్ కొట్టే సెట్టింగ్) పెట్టి రౌటర్ జాక్ మధ్య పిన్‌కీ బయటి భాగానికీ మధ్య చూడండి. ఒక్కసారి బీప్ అని ఆగి అంకె పెరుగుతూ పోతే అది కెపాసిటర్ ఛార్జ్ అవడం, పర్లేదు. ఆగకుండా బీప్ వస్తూనే ఉంటే లోపల షార్ట్. ఉరుములు మెరుపుల తర్వాత ఇలా అయితే జాక్ పక్కనే ఉండే టీవీఎస్ డయోడ్ మీద అనుమానం, ఎక్కువ వోల్టేజ్ వచ్చినప్పుడు మిగతా బోర్డుని కాపాడటమే దాని ఉద్యోగం, మరీ ఎక్కువైతే తనే షార్ట్ అయిపోతుంది. ఆ డయోడ్ కాలు ఒకటి బోర్డు నుంచి లేపగానే షార్ట్ పోతే దోషి దొరికినట్టే, అదే రేటింగ్‌ది కొత్తది వెయ్యండి, అది లేకుండా అలాగే నడిపెయ్యకండి. షార్ట్ లేకుండా చచ్చిపోయి ఉంటే జాక్ తర్వాత వచ్చే చిన్న ఫ్యూజ్ తెగిందేమో చూడొచ్చు. కెపాసిటర్ల పైభాగం చదునుగా ఉండాలి, ఉబ్బినా, కింద గోధుమరంగు మరక ఉన్నా మార్చాల్సిందే. ఇంతకు మించి లోపలికి వెళ్ళడం ఇంటి రౌటర్ విషయంలో దండగ అని నా అభిప్రాయం.

ర్యాక్‌లో ఉండే పెద్ద రౌటర్లు

వీటిల్లో పవర్ సప్లై లోపలే ఉంటుంది, పెద్దవాటిల్లో బయటికి లాగేసే రెండు మాడ్యూల్స్‌గా. సిస్కో రౌటర్‌లో షో వెర్షన్ అనే కమాండ్ కొడితే రౌటర్ కిందటిసారి పవర్ ఆన్ వల్ల లేచిందా, రీలోడ్ వల్లా, క్రాష్ వల్లా అని ఒక లైన్ ఉంటుంది, ముందు అది చదవండి. తర్వాత షో ఎన్విరాన్‌మెంట్, జూనిపర్‌లో అయితే షో చాసిస్ అలారమ్స్, షో చాసిస్ ఎన్విరాన్‌మెంట్. మాడ్యూల్ మీద ఇన్‌పుట్ లైట్ పచ్చగా ఉండి ఔట్‌పుట్ లైట్ లేకపోతే మాడ్యూల్ పోయినట్టే లెక్క, ఇన్‌పుట్ లైటే లేకపోతే కేబుల్, పీడీయూ (ర్యాక్‌లో కరెంట్ పంచే సాకెట్ల పట్టీ), బ్రేకర్ ఆ వరసలో చూడండి. సీ13 కేబుల్ (కంప్యూటర్లకి పెట్టే మామూలు పవర్ కేబుల్) సగం ఊడి కూర్చోవడం అనేది ఎంత పెద్ద డేటా సెంటర్‌లో అయినా జరిగేదే.

ఏది పోయిందో తేలకపోతే కేబుల్స్ రెండూ ఒకదానికొకటి మార్చి చూడండి, ఫాల్ట్ కేబుల్‌తో పాటు జరిగితే పీడీయూ వైపు, అక్కడే ఉంటే మాడ్యూల్ వైపు. ఒక్క మాడ్యూల్ మీదే నడుస్తున్నప్పుడు మాత్రం మెయింటెనెన్స్ టైమ్ తీసుకోకుండా ఈ పని చెయ్యకండి. కొత్త మాడ్యూల్ తెప్పించేటప్పుడు వాట్స్ ఒక్కటే చూస్తే చాలదు, గాలి ఎటు లాగి ఎటు వదులుతుందో కూడా పాతదానితో కలవాలి, ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ ఊదుతుంటే పెట్టె వేడెక్కిపోతుంది, కొన్నయితే అలారమ్ కొట్టి ఒప్పుకోవు కూడా. పీఓఈ, అంటే నెట్‌వర్క్ కేబుల్ మీదే పవర్ కూడా ఇచ్చే పెట్టె అయితే మొత్తం ఎన్ని వాట్స్ ఇవ్వగలదో ఆ బడ్జెట్ కూడా లెక్కెయ్యాలి, ఏఎఫ్ రకం పోర్ట్‌కి 15.4 వాట్స్, ఏటీకి 30, కెమెరాలూ యాక్సెస్ పాయింట్లూ పెంచుకుంటూ పోయి పవర్ చాలట్లేదంటే సప్లై తప్పేం లేదు.

మాడ్యూల్ మార్చాక రెండూ పచ్చగా ఉన్నాయి కదా అని వచ్చెయ్యకండి. రెండు కేబుల్స్ వేరువేరు పీడీయూలకి, వీలైతే వేరువేరు యూపీఎస్‌లకి వెళ్తున్నాయో లేదో చేత్తో పట్టుకుని చివరిదాకా వెంబడించి చూడండి, ఆ తర్వాత మెయింటెనెన్స్ టైమ్‌లోనే ఒక కేబుల్ పీకి ఐదు నిమిషాలు, అది పెట్టి రెండోది పీకి ఐదు నిమిషాలు నడపండి.